గద్వాల చీర: అంచు ఊడితే ఎవరినడగాలి?

పోయిన శ్రావణంలో మా వదిన ఫోన్ చేసి ఒకటే గోడు. "ఏడు వేలు పెట్టి గద్వాల చీరని కొన్నా. ఒక్క ఉతుక్కే అంచు ఊడొచ్చింది. దుకాణమాయన్ని అడిగితే, కుట్టు చీర కదమ్మా, ఊడకపోతే ఏమైతది అంటుండు!"

చీర తెప్పించుకుని చూశాను. అంచును మిషన్ మీద కుట్టి అతికించారు. ఆయన "కుట్టు" అనే మాటతోనే మోసం చేశాడు.

అసలు గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటినీ అంచునూ మగ్గం మీదే కలుపుతారు. ఒంటికొక నాడె, అంచులకు వేరే నాడెలు. ప్రతి వరుసలో ఒంటి పేక, అంచు పేక ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. నేతగాళ్లు కుట్టు అనేది దాన్నే. అందులో సూదికి పని లేదు. అందుకే మా అమ్మ నాగర్‌కర్నూల్‌లో కట్టిన పెళ్లినాటి చీరకు ఒళ్లు చివికినా అంచు మాత్రం విడవలేదు.

గద్వాల సంస్థానం తరఫున తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. 41 రోజులు దీక్షతో నేస్తారు. ఎవరు నేశారో, ఎవరికి నేశారో అందరికీ తెలుసు. మనకొచ్చిన చిక్కల్లా అక్కడే. మగ్గానికీ మనకూ మధ్య నలుగురు చేరాక, చీర చెడితే అడగడానికి మనిషి లేకుండా పోయాడు.

ఆ దూరాన్ని తగ్గించడానికే చట్టాలూ గుర్తులూ వచ్చాయి. 1985లో కొన్ని రకాల బట్టల్ని చేనేతకే కేటాయిస్తూ చట్టం చేశారు. 2004లో సిల్క్ మార్క్, 2006లో హ్యాండ్లూమ్ మార్క్ వచ్చాయి. 2010లో గద్వాల చీరకు జీఐ గుర్తింపు దక్కింది. అయితే ఒక్కో గుర్తు ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. సిల్క్ మార్క్ పట్టు అసలుదని చెబుతుంది, చేతితో నేశారని కాదు. హ్యాండ్లూమ్ మార్క్ చేనేత అని చెబుతుంది, ఊరు చెప్పదు. ఊరి సంగతి జీఐది. ఒక్క గుర్తు చూపించి మూడింటికీ హామీ అంటే నమ్మకండి.

కొనేముందు చీర తిరగేసి అంచు కలిసేచోట చూడండి. విడిగా మిషన్ కుట్టు వరుస కనిపిస్తే పక్కన పెట్టేయండి. అంచు నుంచి ఒక పోగు తీసి కాల్చండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసవుతుంది.

అన్నిటికంటే ముందు బిల్లు అడగండి. అందులో "ఫ్యాన్సీ చీర" అని కాకుండా "గద్వాల చేనేత, పట్టు అంచు" అని రాయించుకోండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే ప్రాంతం ఏ జిల్లా కమిషన్ కిందికి వస్తే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. హెల్ప్‌లైన్ నంబరు 1915.

మా వదిన దగ్గర బిల్లు లేదు. "తెలిసినాయనే కదా అని అడగలే" అంది. ఆ మొహమాటం ఖరీదు ఏడు వేలు. అసలు కుట్టు నేసే నేతగాడికి పడిన దెబ్బ ఇంకా పెద్దది. "గద్వాల చీర ఇంతే" అని ఆమె ఇప్పటికే పదిమందితో అనేసింది మరి.