నేల కాలుష్యం ఆనవాళ్లు చూపే ప్రభుత్వ రికార్డులు: రామగిరి ప్రాంతం

ఒక స్థలంలో గతంలో ఏ పని జరిగింది, ఏ వ్యర్థం పోశారు, దాని విషం మట్టిలోనో బోరు నీటిలోనో మిగిలే అవకాశం ఉందా అన్నది తేల్చుకోవడానికి మట్టి పరీక్ష కంటే ముందు తిరగేయవలసినవి ప్రభుత్వ కాగితాలు. అమెరికాలో కలుషిత స్థలాల శుద్ధి కోసం 1980లో తెచ్చిన సూపర్‌ఫండ్ చట్టం తర్వాత, వ్యాపార స్థలాలు కొనేవారు ఇలాంటి పత్రాలను ముందే వెతికించుకోవడం మామూలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సమాచారమంతా ఒక్కచోట దొరకదు. రెవెన్యూ, గనులు, కాలుష్య నియంత్రణ, భూగర్భజల శాఖల్లో ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కలను కలపడానికి పనికొచ్చేది ముఖ్యంగా సర్వే నంబరు. దాన్ని పట్టుకుని ఎంత దూరం వెళ్లవచ్చో, ఎక్కడ ఆగిపోవలసి వస్తుందో రామగిరిలో స్పష్టంగా కనిపిస్తుంది.

గని చరిత్ర

రామగిరి మండలం 2022 ఏప్రిల్ 4 వరకు అనంతపురం జిల్లాలో ఉండేది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఈ పేరు వినగానే ఇప్పటివారికి కొండల మీది గాలిమరలు గుర్తొస్తాయి గానీ, అంతకుముందు రామగిరి అంటే బంగారం. ఇక్కడి శిలల్లో పాతకాలపు తవ్వకాల గుర్తులున్నాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో బ్రిటిష్ కంపెనీలు గనులు నడిపి 1927 నాటికి ఆపేశాయి. చాలా ఏళ్ల తర్వాత కేంద్ర ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ ఇక్కడి యెప్పమాన దగ్గర మళ్లీ తవ్వింది. 2001 మార్చి 1న కోలార్ గనులతో పాటు ఆ సంస్థే మూతపడింది.

బంగారు గని ఎక్కడ నడిచినా పద్ధతి దాదాపు ఒకటే. రాయిని పిండిగా కొట్టి, మొదట్లో పాదరసంతోనూ తర్వాత సయనైడ్ ద్రావణంతోనూ బంగారాన్ని విడదీస్తారు. టన్నుకు కొన్ని గ్రాములే బంగారం, తక్కినదంతా మెత్తటి వ్యర్థపు మట్టి. సయనైడ్ ఎండకూ గాలికీ చాలావరకు విరిగిపోతుంది. బంగారపు రాయితో కలిసి వచ్చే ఆర్సెనిక్, సీసం వంటివి మాత్రం అలా విరిగిపోవు. గాలికి లేచి పక్క చేనులో పడవచ్చు, వాన నీటితో వంకలో కలవవచ్చు. కాబట్టి ఇక్కడ మొదటి ప్రశ్న ఆ వ్యర్థం ఏ సర్వే నంబర్లలో పడింది అన్నది.

రెవెన్యూ కాగితాలు చెప్పేది, చెప్పనిది

పాత సెటిల్‌మెంట్ కాలపు భూముల రిజిస్టరు ఆర్‌ఎస్‌ఆర్, దాన్నే చాలామంది డైగ్లాట్ అంటారు, ప్రతి నంబరూ పట్టా భూమా, పోరంబోకా, గుట్టా, వంకా అని చెబుతుంది. క్షేత్ర కొలతల పుస్తకం ఎఫ్‌ఎంబీలో దాని హద్దుల కొలతలుంటాయి. ఏటా రాసే అడంగల్‌లో అనుభవదారు, పైరు, నీటి వసతి నమోదవుతాయి. వరుసగా పైరు రాసుకుంటూ వచ్చిన నంబరు ఒక ఏడాది నుంచి బీడుగా మారితే, దాని పక్కనే గని హద్దు ఉంటే, అక్కడ మట్టి తీసి చూడటం మంచిది. అది రుజువు కాదు, జాడ మాత్రమే. వానలు లేకా, కూలీలు దొరకకా బీడుపడ్డ చేలు ఈ సీమలో తక్కువేం కాదు.

భూమి కొనేవాళ్లు తప్పక తీసే ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తాకట్టు సంగతి ఉంటుంది, ఆర్సెనిక్ సంగతి ఉండదు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ నిషేధిత జాబితా కూడా ప్రధానంగా ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూముల వంటి వాటిని కాపాడటానికి పెట్టింది. నేల చెడిపోయిందని ఒక నంబరును అందులో చేర్చే ఏర్పాటు లేదు. ఇది పెద్ద లోటే.

2020 డిసెంబరులో మొదలైన రాష్ట్రవ్యాప్త రీసర్వే ఇంకో చిక్కు తెచ్చింది. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. గని లీజు పటాలేమో పాత నంబర్లతోనే ఉంటాయి. పాత, కొత్త నంబర్ల పోలిక పట్టిక దగ్గర పెట్టుకోకుండా కొత్త పాసుపుస్తకం మాత్రమే చూస్తే ఆ భూమి గత చరిత్రకు దారి దొరకదు.

గనుల శాఖ, అంతకు మించి

లీజు ఒప్పందం, దానికి జతచేసిన పటం రాష్ట్ర గనులు, భూగర్భ శాఖలో ఉండాలి. గనిని వదిలేసేటప్పుడు లోపలి తవ్వకాల పటాలను జార్ఖండ్‌లోని ధన్‌బాద్ కేంద్రంగా పనిచేసే గనుల భద్రతా డైరెక్టరేట్‌కు అప్పగించాలన్న నియమం ఉంది. భారత్ గోల్డ్ మైన్స్ ప్రధాన కార్యాలయం కర్ణాటకలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో ఉండేది. అంటే రామగిరి రైతు తన చేను పక్క గని వ్యర్థాల కుప్ప గురించి తెలుసుకోవాలంటే మూడు రాష్ట్రాల కార్యాలయాలకు అర్జీ పెట్టుకోవలసి రావచ్చు. 2005 సమాచార హక్కు చట్టం వల్ల ఆ పని ఇంటి నుంచే చేయవచ్చన్నది కొంత ఊరట. సర్వే ఆఫ్ ఇండియా 57ఎఫ్ షీటు పటాల పాత, కొత్త ముద్రణలను పక్కపక్కన పెట్టి చూడటం ఇంకా తేలిక.

అసలు ఉండవలసిన ముఖ్యమైన పత్రం గని మూసివేత ప్రణాళిక. వ్యర్థాల కుప్పను ఎలా స్థిరపరుస్తారు, నీటిని ఎలా కాపాడతారు అన్నవి అందులో రాయాలి. ఈ ప్రణాళికను తప్పనిసరి చేస్తూ నిబంధనలు వచ్చింది 2003లో. రామగిరి గని మూతపడింది 2001లో.

కాలుష్య నియంత్రణ మండలి రికార్డు

1974 నీటి చట్టం 25వ సెక్షన్ కింద పరిశ్రమలకిచ్చిన అనుమతుల షరతులను మండలి ఒక రిజిస్టరులో నమోదు చేయాలి, సంబంధం ఉన్నవారు అడిగితే చూపాలి. హిందూపురం దగ్గరి తూముకుంట పారిశ్రామికవాడ, పెనుకొండ వైపు వచ్చిన కార్ల ఫ్యాక్టరీ లాంటి వాటి విషయంలో ఇది పనికొస్తుంది. ప్రమాదకర వ్యర్థాల వార్షిక నివేదికలు, ఏటా సెప్టెంబరు 30లోగా ఇవ్వవలసిన పర్యావరణ స్టేట్‌మెంట్లు కూడా ఉంటాయి. ధర్మవరంలో పట్టుకు రంగులద్దే చిన్న యూనిట్లు ఇళ్ల మధ్యే ఉంటాయి. ఇలాంటి చిన్న పనుల జాడ ఫైళ్లలో వెతికితే దొరకడం కష్టం, మురుగుకాలవ వెంట నడిస్తే దొరుకుతుంది.

నీటి లెక్కలతో జాగ్రత్త

కేంద్ర, రాష్ట్ర భూగర్భజల సంస్థలు పరిశీలక బావుల నీటిని పరీక్షించి వివరాలు ప్రచురిస్తాయి. అనంతపురం సీమ నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది పాత సంగతి. 1990ల మధ్యలో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు వందలాది ఊళ్లకు తాగునీటి పథకం కట్టడానికి అదొక కారణం. ఈ ఫ్లోరైడ్ ఇక్కడి గ్రానైట్ శిలల నుంచి వచ్చేది, గనుల వల్ల కాదు. తాగునీటిలో దాని గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్‌కు 0.01. గని వ్యర్థాల ప్రభావం తేలాలంటే రెండో అంకె చూడాలి. మామూలు నీటి పరీక్షలో అది తరచూ ఉండదు, విడిగా అడిగి చేయించుకోవాలి.

2025 నిబంధనలు

కలుషిత స్థలాల కోసం దేశంలో ప్రత్యేక నిబంధనలు 2025 జులైలో వచ్చాయి. అంతకుముందు 2010లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన శుద్ధి ప్రాజెక్టులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్ కాటేదాన్ ప్రాంతపు నూర్ మహమ్మద్ కుంట, కడప చెత్త డంపు ప్రయోగాత్మకంగా ఎంపికయ్యాయి. కొత్త నిబంధనల ప్రకారం జిల్లా యంత్రాంగం, స్థానిక సంస్థలు అనుమానిత స్థలాల జాబితాను ఆరు నెలలకోసారి మండలికి పంపాలి, మండలి 90 రోజుల్లో ప్రాథమిక అంచనా వేయాలి. అయితే గని తవ్వకాల వల్ల కలిగిన కాలుష్యాన్ని ఈ నిబంధనల పరిధి నుంచి మినహాయించారు, దానికి వేరే చట్టాలున్నాయన్న కారణంతో. ఆ వేరే చట్టాల కింద మూసివేత ప్రణాళిక తప్పనిసరి కాకముందే మూతపడిన గనికి ఈ మినహాయింపు నష్టమే.

రామగిరి పరిసరాల బంగారు నిక్షేపాలను మళ్లీ తవ్వే ప్రయత్నాలు ఇటీవలి ఏళ్లలో మొదలయ్యాయి. కొత్త గనికి పర్యావరణ అనుమతి కావాలంటే 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం తవ్వకానికి ముందున్న మట్టి, నీరు, గాలి స్థితిని కొలిచి నివేదిక ఇవ్వాలి. దాని సారాంశం తెలుగులో ఉండాలి. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇచ్చి, ముసాయిదా నివేదికను కలెక్టరేట్‌లోనూ, జిల్లా పరిషత్‌లోనూ, జిల్లా పరిశ్రమల కేంద్రంలోనూ జనానికి అందుబాటులో ఉంచాలి. పాత కుప్పల పక్క నమూనాలు తీశారా, తీస్తే ఏ సర్వే నంబర్లలో తీశారు, ఆర్సెనిక్ కొలిచారా అన్నవి ఆ నివేదిక పట్టికల్లో మొదట చూసుకోవలసినవి.