పిల్లల షుగర్: ఖాందాన్ మీద వేసే ఇల్జామ్

నా భాంజీకి తొమ్మిదో ఏట షుగర్ వచ్చింది. రెండు నెలలుగా ఒకటే దాహం, రాత్రి నాలుగైదుసార్లు లేవడం. తింటూనే ఉండేది, వజన్ మాత్రం తగ్గిపోతూ ఉండేది. నజర్ తగిలిందని దాదీ ఎండుమిరపకాయలు దిగదుడిచింది. ఎవరో తావీజ్ కట్టించారు. చివరికి స్పృహ తప్పాక ఆస్పత్రికి పరుగెత్తాం. అల్లా దయవల్ల బతికింది.

ఇంటికి తెచ్చిన రోజు పలకరించడానికి వచ్చినవాళ్లు అడిగిన మొదటి సవాల్ ఏమిటో తెలుసా? "ఎవరి వైపు నుంచి వచ్చింది?" ఆపా సాస్ వెంటనే "మా ఖాందాన్‌లో ఎవరికీ లేదు" అనేసింది. అందరి చూపూ మా అమ్మీ మీద పడింది, ఆమెకు యాభై దాటాక షుగర్ వచ్చింది కాబట్టి. ఇంకొకావిడ "మీఠా ఎక్కువ తినిపించి ఉంటావ్" అని ఆపాకే అంటగట్టింది. పుల్లలా ఉన్న పిల్లకి మీఠా ఎక్కువైందట! ఆ రాత్రే ఈ బీమారీ తారీఖ్ చదవడం మొదలుపెట్టాను.

సన్నటి షుగర్, లావుటి షుగర్ వేరన్నది కొత్త మాటేం కాదు. సుశ్రుత సంహితలోనే ప్రమేహం రెండు రకాలని ఉంది. పుట్టుకతో వచ్చేది బక్కపల్చటి వాళ్లకి, తిండివల్ల వచ్చేది లావుగా, కదలకుండా ఉండేవాళ్లకి. మన యూనానీ తిబ్‌లోనూ దీని జిక్ర్ ఉంది. ఇబ్న్ సీనా తన 'ఖానూన్'లో రాశారు. 1231లో ఇంతెఖాల్ చెందిన అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ అయితే దీనిమీద విడిగా ఒక రిసాలానే రాశారు. బీమారీని గుర్తుపట్టారు గానీ పిల్లల్ని బతికించే దవా ఎవరి దగ్గరా లేదు.

వందేళ్ల క్రితం అమెరికాలో డాక్టర్ ఫ్రెడరిక్ అలెన్ చేసిన ఇలాజ్ వింటే గుండె పిండేస్తుంది. ఆకలితో ఉంచడమే ఇలాజ్! తిండి తగ్గిస్తే మూత్రంలో చక్కెర తగ్గుతుంది, పిల్ల ఇంకొన్నాళ్లు బతుకుతుంది. అంతే. అమెరికా విదేశాంగ మంత్రి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ కూతురు ఎలిజబెత్‌కి 1919లో పదకొండేళ్లకి షుగర్ బయటపడింది. అలెన్ దగ్గర చేర్చారు. మూడేళ్లు అలాగే గడిచాయి. 1922 ఆగస్టులో టొరంటోలో బాంటింగ్ ముందుకి వచ్చేసరికి ఆమెకు పదిహేనేళ్లు, వజన్ దాదాపు ఇరవై కిలోలు.

అదే ఏడాది జనవరి 11న అదే ఊళ్లో లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ సూది వేశారు. ఆ మందు శుభ్రంగా లేక ఒళ్లు పడలేదు. కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త రాత్రింబవళ్లు కూర్చుని దాన్ని శుద్ధి చేశాక, 23న మళ్లీ వేశారు. ఈసారి పనిచేసింది. ఎలిజబెత్ కూడా కొన్ని వారాల్లోనే కండపట్టింది. బ్రెడ్ తిన్నానని తల్లికి ఖత్ రాసి మురిసిపోయింది.

ఇక నసల్ సంగతి. 1936లో లండన్ డాక్టర్ హిమ్స్‌వర్త్ షుగర్ ఒకటి కాదు, రెండని ప్రయోగాలతో చూపించాడు. 1974 ప్రాంతంలో ఇంకో సంగతి తేలింది. పిల్లల్లో వచ్చే టైప్ 1లో ఒంటిని కాపాడాల్సిన ఫౌజే ఇన్సులిన్ చేసే కణాల మీద పడుతుంది, హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల్లో కొన్ని రకాలు ఉన్నవాళ్లకి ఆ ఖత్రా ఎక్కువ. అయితే ఖత్రా వేరు, తక్దీర్ వేరు. తండ్రికి టైప్ 1 ఉంటే వందమంది పిల్లల్లో సుమారు ఆరుగురికి వస్తుంది, తల్లికి ఉంటే ఇంకా తక్కువ మందికి. ఒకే పోలికతో పుట్టిన కవలల్లో ఒకరికి వచ్చినా రెండోవారికి రాకపోవచ్చు. కొత్తగా టైప్ 1 వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఇళ్లల్లో అది అంతకుముందు ఎవరికీ ఉండదు. మా అమ్మీది టైప్ 2, అసలు వేరే బీమారీ. ఆ రోజు నాకీ సంగతి తెలిసుంటే ఆమె తల దించుకుని కూర్చునేది కాదు.

వజన్‌కి పాత్రే లేదా అంటే, ఉంది. లావు వల్ల పిల్లలకి టైప్ 2 వస్తుంది, అందులో ఖాందాన్ పాత్ర కూడా గట్టిదే. 1970లలోనే అరిజోనా పీమా ఆదివాసీల పిల్లల్లో దాన్ని చూశారు. ఇప్పుడు మన బస్తీల్లోనూ చూస్తున్నాం. టైప్ 1లో కూడా బరువు పెరిగే పిల్లలకి బీమారీ తొందరగా బయటపడుతుందని 2001లో విల్కిన్ అనే బ్రిటిష్ డాక్టర్ ఒక వాదన తెచ్చాడు. దానిమీద బహస్ ఇంకా నడుస్తోంది. దాన్ని పట్టుకుని షుగర్ ఉన్న బక్క పిల్ల కడుపు మాడిస్తే మళ్లీ అలెన్ కాలానికి పోయినట్టే. వాళ్లకి కావాల్సింది ఇన్సులిన్, దాంతోపాటు కడుపునిండా ఖానా.

ఎలిజబెత్ 1981 దాకా బతికింది. నికాహ్ అయింది, ముగ్గురు పిల్లలు. కానీ బీమారీని జీవితాంతం దాచింది. తండ్రి కాగితాల్లో కూడా దాని జిక్ర్ లేకుండా చేయించింది. అంత పెద్ద ఖాందాన్‌కి కూడా ఆ భయం ఉండిందంటే, మనవాళ్లని ఏమనాలి?

మొన్న ఈ కథంతా ఆపాకి చెప్పాను. స్కూల్లో టీచర్లకి చెప్పు, స్నేహితులకి తెలియనివ్వు, సూది దాచుకోనక్కర్లేదు అన్నాను. ఆపా కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీకు కూతురు లేదుగా భాయ్, తేలిగ్గా చెప్తావ్. రేపు రిష్తా వచ్చినప్పుడు నువ్వు కూర్చుంటావా వాళ్ల ముందు?" అంది.

కూర్చుంటానన్నాను. ఆపా నమ్మినట్టు లేదు.