ఆదోని, ఎమ్మిగనూరు, గూడూరు: అంగడి దిద్దిన అభిరుచి

కొత్త ఊరికి వచ్చినవాళ్లు సాధారణంగా మూడు సంగతులు అడుగుతారు: ఎక్కడ తినాలి, ఏం కొనాలి, ఏం చూడాలి. కర్నూలు జిల్లా పడమటి పట్టణాల్లో మొదటి రెండింటికీ జవాబు వెంటనే వస్తుంది. ఆదోనిలో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జి తినమంటారు. ఎమ్మిగనూరులో దుప్పట్లు, తువ్వాళ్లు కొనమంటారు. గూడూరు, కోడుమూరు దారిలో పట్టంచు చీరలు చూడమంటారు. (ఈ గూడూరు కర్నూలు పక్కది, నెల్లూరు వైపుది కాదు.) మూడో ప్రశ్న దగ్గరే మాట తడబడుతుంది. ఆదోని కోట ఉంది, జామియా మసీదు ఉంది, తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం ఉంది. బొమ్మల కొలువులాంటి కళాప్రదర్శనశాల మాత్రం ఏదని అడిగితే చూపించడానికి ఏమీ లేదు. దాంతో ఇవి కరువు ఊళ్లనీ, వ్యాపారం తప్ప కళ తెలియని ఊళ్లనీ ఒక ముద్ర పడిపోయింది. ఆ ముద్ర తప్పని నా వాదన. ఇక్కడి అభిరుచి ఆస్థానాల్లో కాక అంగడి వీధుల్లో తయారైంది. తిండి, బట్ట ఒకే సంతలో పెరిగాయి. ఆ చరిత్రను వెతకాల్సింది కూడా దుకాణాల్లోనే.

దీనికి మొదట ఎదురయ్యే అభ్యంతరం బలమైనదే. ఆదోనికి ఆస్థానాలు లేవా? 1565లో విజయనగరం కూలాక ఆదోని బీజాపూరు సుల్తానుల చేతికి వచ్చింది. వాళ్ల అధికారి సిద్ది మసూద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన జామియా మసీదు ఈ ప్రాంతం మొత్తంలో అందమైన కట్టడాల్లో ఒకటి. 1688లో మొగలు సైన్యం ముట్టడించినప్పుడు, ఫిరంగులు మసీదు వైపు తిప్పారని తెలిసి ఆయన కోట అప్పగించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. రాఘవేంద్ర స్వామికి మంత్రాలయం భూమి ఇచ్చింది కూడా ఆయనేనని సంప్రదాయం చెబుతుంది. తర్వాత నిజాం అలీ ఖాన్ తమ్ముడు బసాలత్ జంగ్ ఆదోనిని రాజధాని చేసుకుని 1782లో చనిపోయేదాకా ఏలాడు. 1786లో టిప్పు సుల్తాను కోటను పట్టుకున్నాడు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో అభిరుచిని పాలకులే దిద్ది ఉంటారనుకోవడం సహజం. అయితే గూడూరు సంగతి చూడండి. ఆదోని కంపెనీ కిందికి పోయాక కూడా గూడూరు వైపు గ్రామాలు 1839 దాకా కర్నూలు నవాబుల ఏలుబడిలోనే ఉన్నాయి. ఆ తర్వాతా ఆదోని, ఎమ్మిగనూరు బళ్లారి జిల్లాలో, గూడూరు కర్నూలు జిల్లాలో ఉండి నూరేళ్లకు పైగా వేరు కచేరీలకు శిస్తు కట్టాయి. పాలకులే అభిరుచిని నిర్ణయించి ఉంటే ఈ రెండు వైపులా రెండు తీరులు కనబడాలి. కనబడేది ఒకే తీరు: అవే మగ్గాలు, అదే జొన్నరొట్టె, అదే ఉగ్గాని. ఆదోని ఆస్థానం పోయి రెండు శతాబ్దాలు దాటినా సంత సాగుతూనే ఉందంటే ఏది పునాదో తెలుస్తుంది.

ఆ పునాదిని కంపెనీ దొరలూ గుర్తించారు, పన్ను రూపంలో. మద్రాసు ప్రెసిడెన్సీలో మొతర్ఫా అనే పన్ను ఉండేది. మగ్గానికి ఇంత, అంగడికి ఇంత అని అది వృత్తుల మీద పడేది. 19వ శతాబ్దం సగం దాటాక గానీ అది రద్దు కాలేదు. నేసేవాడినీ అమ్మేవాడినీ ఒకే పద్దు కింద రాసిన ఆ లెక్కలు ఈ ఊళ్ల గురించి చాలా స్తోత్ర కావ్యాల కన్నా నిజం చెబుతాయి. ఇక్కడి నల్లరేగడిలో పండిన పత్తికి వ్యాపారంలో ‘వెస్టర్న్స్’ అని ఒక రకం పేరే ఉండేది. 1860ల మొదట్లో అమెరికా అంతర్యుద్ధం వల్ల అక్కడి పత్తి ఆగిపోయి, మన దేశపు పత్తికి ధర అమాంతం పెరిగింది. 1871 నాటికి మద్రాసు నుంచి రాయచూరుకు వేసిన రైలు మార్గం బొంబాయి మార్గంతో కలిసింది. ఆ దారిలో ఉన్న ఆదోనికి రెండు రేవులూ దగ్గరయ్యాయి. జిన్నింగు మిల్లులు, ప్రెస్సులు వచ్చాయి. మార్వాడీ వ్యాపారులు వచ్చి స్థిరపడ్డారు. ఆదోనిని రెండో బొంబాయి అనడం స్థానికులకు అలవాటైంది. మాట కాస్త పెద్దదే, దాని వెనక ఉన్న పత్తి బేళ్లు మాత్రం నిజం.

సంత ఉన్నచోట తిండి అమ్మేవాళ్లుంటారు, ఉగ్గాని కథ అక్కడ మొదలవుతుంది. బొరుగులు నీళ్లలో తడిపి పిండుతారు. తిరగమోతలో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు, పసుపు వేసి అందులో బొరుగులు కలుపుతారు. పుట్నాలపప్పు పొడి చల్లి నిమ్మకాయ పిండుతారు. పక్కన వేడి బజ్జి ఉండాలి, అది లేకుండా ఉగ్గాని తిన్నట్టే కాదు. దీన్ని రాయలసీమ ఇంటి వంటగా రాయడం అలవాటైపోయింది గానీ, పదార్థాలు చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. ఈ నేలలో ఇంటి తిండి జొన్న, కొర్ర. వరి అన్నం చాలా ఇళ్లలో పండగ నాటి మాటగా ఉన్న కాలం దూరం కాదు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర 19వ శతాబ్దంలో కట్టిన ఆనకట్ట గూడూరు పక్కనే ఉన్నా, కె.సి. కాలువ నీళ్లు ఎక్కువగా తూర్పుకు, కడప వైపుకు పోయాయి. ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు కాలువ నీళ్లు వచ్చింది 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయ్యాక, దిగువ కాలువ ద్వారా. అంటే బొరుగులు ఈ మెట్ట రైతు పొలంలో పండిన గింజ నుంచి వచ్చినవి కావు. వాటిని బట్టీలో వేడి ఇసుకలో వేయించాలి, బట్టీ ప్రతి ఇంట్లో ఉండదు. అవి కొనుక్కునే సరుకు. పైగా తేలిక, చెడిపోవు, పొయ్యి దగ్గర పది నిమిషాల్లో తయారు. రాత్రంతా బండి తోలుకుని వచ్చి, పత్తి తూకం వేయించి, దళారి లెక్క తేల్చేదాకా ఎదురుచూసే రైతుకు ఇంతకన్నా తగిన తిండి దొరకదు. నా దృష్టిలో ఉగ్గాని పుట్టు సంత తిండి. ఇల్లు దాన్ని తర్వాత నేర్చుకుంది.

ఉగ్గాని సీమ నాలుగు వైపులా ఉంది కదా, ఈ ఊళ్ల గొప్పేమిటని అడగవచ్చు. సీమలోనే కాదు, సరిహద్దు దాటి బళ్లారిలోనూ ఉంది. దావణగెరెలో మండక్కి, మిర్చి అంటారు. రాయచూరు, కొప్పళ వైపు సుసల అంటారు. నా వాదనకు ఇదే బలం. ఆ చోట్లన్నీ పత్తి, వేరుశనగ సంతలున్న మెట్ట ప్రాంతాలు. ఉగ్గాని ఏ ఒక్క ఊరి సొత్తూ కాదు, భాషల గీతలు పట్టించుకోకుండా బండ్ల దారి వెంట పాకింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు, బళ్లారి పట్టణం అటు పోయాయి. పటం మారింది, పొద్దుటి ఫలహారం మారలేదు. ఆదోని బజారులో నేటికీ తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినబడతాయి.

తిండిని సంత పెంచినట్టే బట్టను మగ్గం, కరువు కలిసి మలిచాయి. ఎమ్మిగనూరులో కుర్ని, పద్మశాలి, తొగట, దేవాంగ కులాలవాళ్లు తరతరాలుగా నేస్తున్నారు. ఆదోని నూలు జంఖానాలకు పేరు పొందింది. 1876–78 కరువు ఈ జిల్లాలను ఊడ్చేసింది. కరువులో బట్ట కొనేవాడు మొదట మాయమవుతాడు, తిండి కొనేవాడు తర్వాత. అందుకే రైతు కన్నా ముందే నేతగాడు రోడ్డున పడతాడు. ఆ అనుభవంతోనే మద్రాసు ప్రభుత్వం కరువు నిబంధనల్లో, నేతగాళ్లను రాళ్లు కొట్టే పనికి పంపక వాళ్ల వృత్తిలోనే పని ఇచ్చే ఏర్పాటు చేర్చింది. చెయ్యి మొరటైతే మళ్లీ మగ్గం మీద పనికి రాదని అధికారులకూ అర్థమైంది. చేతి నైపుణ్యాన్ని కాపాడాల్సిన ఆస్తిగా ప్రభుత్వం ఒప్పుకున్న సందర్భమది.

1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరు నేతగాళ్ల సహకార ఉత్పత్తి, విక్రయ సంఘం స్థాపించారు. ఈ పేరులో ‘విక్రయ’ అనే మాట ఉండటం ముఖ్యం. అప్పటిదాకా నేతగాడికి నూలు అప్పిచ్చేదీ బట్ట కొనేదీ ఒకే షావుకారు. రెండు ధరలూ అతనే చెప్పేవాడు. సంఘం నూలు ఇచ్చింది, కూలి ఇచ్చింది, బట్టను తన దుకాణంలో తన పేరుతో అమ్మింది. నేతగాళ్ల కోసం కాలనీ కట్టింది. ఎమ్మిగనూరు దుప్పటి అంటే ఉతికే కొద్దీ మెత్తబడుతుంది గానీ చిరగదన్న నమ్మకం సీమ ఇళ్లలో స్థిరపడింది. 1954లో పద్మ పురస్కారాలు మొదలైన ఏడాదే సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. సంఘం దుకాణం నా ఉద్దేశంలో ఆ ఊరి మొదటి కళాప్రదర్శనశాల. గళ్ల కొలత, రంగుల పొందిక, అంచు వెడల్పు, వీటి మీద తీర్పు చెప్పిన ప్రేక్షకులు టికెట్టు కొని వచ్చినవాళ్లు కారు, కూతురి పెళ్లికి పక్కబట్టలు కొనడానికి వచ్చినవాళ్లు. వాళ్లకు నచ్చని నమూనా మగ్గం మీద మళ్లీ ఎక్కదు. ఇంత కఠినమైన విమర్శకులు చిత్రకారులకూ దొరకరు.

దుప్పటి వాడుక వస్తువు, కళ ఎలా అవుతుందనే ప్రశ్నకు గూడూరు, కోడుమూరు మగ్గాలు జవాబిస్తాయి. అక్కడ నేసే గద్వాల తీరు చీరలో ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. రెండు వేరు స్వభావాల దారాలను కుట్టు లేకుండా నేతలోనే కలపాలి. బిగువు కొంచెం తప్పితే అంచు ముడుచుకుపోతుంది. ఎండలో తిరిగే మనిషికి ఒంటి మీద నూలు కావాలి, శుభకార్యానికి పట్టు కనబడాలి. రెండు అవసరాలనూ ఒకే బట్టలో తీర్చడం అలంకారం మాత్రమే కాదు, ఆలోచన. ఉపయోగపడటం వల్ల కళ స్థాయి తగ్గుతుందంటే ఆదోని మసీదునూ నమాజు చేసే చోటు గనక కళ కాదనాల్సి వస్తుంది.

మరో అభ్యంతరం ఉంది, దానికి నేను పూర్తిగా ఎదురు చెప్పలేను: ఎమ్మిగనూరు సంఘం ఒక మనిషి పట్టుదల వల్ల ఎదిగింది, ఆ తరం పోయాక తగ్గింది, కాబట్టి దాన్ని ఊరి సంప్రదాయం అనలేమని. సోమప్ప లేకపోతే సంఘం అంత ఎత్తుకు చేరేది కాదన్నది నిజం. అయితే తగ్గుదలకు కారణాలు ఆయన లేకపోవడంతో ఆగవు. 1970ల చివర వచ్చిన జనతా బట్టల పథకం నేతగాళ్లకు రోజూ పని ఇచ్చింది, కానీ చౌక బట్టే నేయించింది. పదేళ్లు ముతక నేసిన చేతికి సన్నపు నమూనా మళ్లీ పట్టుబడటం కష్టం. నూలు ధరలు పెరిగాయి. 1985 చట్టం కొన్ని రకాలను చేమగ్గానికే కేటాయించినా మరమగ్గాలు వాటినీ నేశాయి. షోలాపురం దుప్పట్లు సీమ బజార్లలోకి వచ్చాయి. అక్కడి మగ్గాల మీదా తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలే పనిచేశారన్నది మనం తరచుగా మరిచిపోయే సంగతి. పోటీ పడినవి యంత్రం, చెయ్యి. తెలుగు నేతగాడు రెండు వైపులా ఉన్నాడు.

ఇప్పుడు అడగాల్సింది ఎమ్మిగనూరులో చిత్రశాల ఎందుకు లేదని కాదు. సంఘం నేయించిన పాత దుప్పట్ల నమూనాలను, గూడూరు, కోడుమూరు చీరల అంచులను, ఆదోని జంఖానాలను, పత్తి దుకాణాల పాత చిట్టాలను ఒకచోట ఎందుకు పెట్టలేదని అడగాలి. దానికి కొత్త భవనం అక్కర్లేదు, ఉన్నవాటిలో రెండు గదులు చాలు. ఏటా జనవరిలో నీలకంఠేశ్వర స్వామి జాతరకు, పశువుల సంతకు వేలమంది ఎమ్మిగనూరు వస్తారు. ఆ రోజుల్లో ఆ గదులు తెరిస్తే చూసేవాళ్లకు కొదవ ఉండదు. ఆ నమూనాలు నేసిన తరం నేతగాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. ఏ గళ్లకు ఏ పేరు, ఏ రంగు ఎక్కడి నుంచి వచ్చేదో వాళ్లకు గుర్తు. మున్సిపాలిటీ, చేనేత శాఖ, స్థానిక కళాశాలలు ముందు వాళ్ల మాటలు రాసి పెట్టాలి. మీ ఇంటి పెట్టెలో పాత ఎమ్మిగనూరు దుప్పటి ఉంటే పారేయకండి.