పంది పిండంలో పుట్టిన పేచీ

డెల్టా పల్లెల్లో పంట కాలువకు ఉన్న పరపతి మురుగు కాలువకు ఉండదు. ఒంట్లోనూ అంతే. రక్తనాళాల సంగతి అందరికీ తెలుసు. రక్తంలోంచి కణజాలంలోకి ఊరిన నీటిని మళ్లీ సిరల్లోకి చేర్చే శోషరస నాళాలు గుర్తొచ్చేది మాత్రం అవి పాడైనప్పుడే. బోదకాలు పురుగు కాపురం పెట్టేది వాటిలోనే.

1622లో ఇటలీ వైద్యుడు గాస్పారె అసెల్లి అప్పుడే తిండి తిన్న కుక్కను కోస్తే పేగుల మీద తెల్లటి దారాల్లా ఇవి కనిపించాయి. పిండంలో ఎక్కడి నుంచి మొలుస్తాయన్నది మాత్రం చాలాకాలం తేలలేదు.

బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో ఫ్లోరెన్స్ సేబిన్ వేలెడంతైనా లేని పంది పిండాల్లోకి సిరా ఎక్కించి చూశారు. మెడ దగ్గర సిరల నుంచే మొగ్గలు తొడిగి, ఈ నాళాలు బయటికి పాకుతున్నాయని 1902లో ప్రకటించారు. కొలంబియా వర్సిటీలో హంటింగ్టన్, ప్రిన్స్‌టన్‌లో మెక్‌క్లూర్ ఒప్పుకోలేదు. పిల్లి పిండాలను పొరలు పొరలుగా కోసి చూసిన వాళ్లు, కణజాలంలో విడివిడిగా ఏర్పడ్డ ఖాళీలే కలిసి నాళాలై, ఆ తర్వాత సిరను చేరతాయన్నారు. మురుగు కాలువను ఏటి గట్టు నుంచి పొలంలోకి తవ్వారా, పొలంలోని గుంటలే కలిసి ఏటిని చేరాయా అన్నదే తగవు. దారి ఉన్న చోటికే కదా సిరా పారేది, విడిగా ఉన్న గుంట దానికెలా చిక్కుతుందన్నది వాళ్ల అభ్యంతరం. న్యాయమైన అభ్యంతరమే.

సేబిన్‌కు అన్యాయం ఎదురైంది వేరే చోట. 1917లో గురువు ఫ్రాంక్లిన్ మాల్ పోయాక శాఖాధిపతి పదవి ఆమెకు కాక, ఆమె దగ్గర చదువుకున్న లూయిస్ వీడ్‌కు దక్కింది.

సిరా తేల్చలేని తగవులో జన్యువులు సాక్ష్యం చెప్పడానికి 1999 దాకా ఆగాల్సి వచ్చింది. మెంఫిస్‌లో జెఫ్రీ విగిల్, గియెర్మో ఒలివర్ ఎలుకల్లో ప్రాక్స్1 అనే జన్యువును తీసేశారు. రక్తనాళాలు మామూలుగానే వచ్చాయి, శోషరస నాళాలు రాలేదు. ఎలుక పిండంలో పదో రోజుకు కాస్త ముందే, మెడ సిర గోడలో ఒక పక్కనున్న కొన్ని కణాల్లో ఈ జన్యువు మేల్కొంటుంది. అక్కడితో అవి సిర కణాలు కావు.

కానీ బయటికి రావాలంటే పిలుపు రావాలి. ఆ పిలుపు వీఈజీఎఫ్-సి అనే ప్రొటీన్. దాన్ని 1996లో హెల్సింకీలో కారి అలిటాలో బృందం గుర్తించింది. చుట్టూ ఉన్న కణజాలం దాన్ని వదులుతుంది. సిర గోడలోని ఈ కణాలు తమ మీదున్న గ్రాహకంతో దాన్ని పసిగట్టి అటు కదులుతాయి. ఆ ప్రొటీన్ లేని ఎలుకల్లో ఏమవుతుందో 2004లో అదే బృందం చూపించింది. కణాలకు ఇంటిపేరు మారింది గానీ గడప మాత్రం దాటలేదు. నాకైతే ఈ మొత్తం కథలో ఇంతకంటే ముచ్చటైన ప్రయోగం కనిపించదు. మారడం వేరు, కదలడం వేరు అని అది విడదీసి చూపింది.

2007లో ఒలివర్ బృందం కణాలకు చెరగని గుర్తు పెట్టి వాటి వంశాన్ని వెంబడించింది. ఎలుక శోషరస నాళాల మూలం సిరలేనని తేలింది. శతాబ్దం తర్వాత సేబిన్ గెలిచారని చాలామంది రాశారు.

2015లో మళ్లీ తిరకాసు. ఎలుక గుండె మీద, పేగుల దగ్గర, చర్మంలో కొన్ని శోషరస నాళాల్లో సిర నుంచి రాని కణాలు కూడా ఉన్నాయని వేర్వేరు బృందాలు చూపించాయి. అలా కొన్ని చోట్ల విడివిడి గుంపులుగా మొదలై, ఆ తర్వాతే అవి కలుస్తున్నాయట.