మందుల ఆయుర్దాయం – నెల్లూరు తీరం

2021 మే నెలలో నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నానికి జనం వేల సంఖ్యలో తరలివచ్చారు. ఆసుపత్రుల్లో పడకలు దొరక్క, ఆక్సిజన్ అందక మనుషులు ప్రాణాలు విడుస్తున్న రోజులవి. ఆనందయ్య అనే ఆ ఊరివాడు మూలికలతో చేసి ఇస్తున్న మందుకోసం వారంతా వచ్చారు. ఆ జనాన్ని మూఢులని ఈసడించినవారున్నారు. ఆ మందును ఋషిప్రోక్తంగా నెత్తిన పెట్టుకున్నవారూ ఉన్నారు. ఈసడించడం సులభం. ఆసుపత్రి తలుపు మూసుకున్నప్పుడు మనిషి తెరిచివున్న తలుపు వైపే పోతాడు. అందులో మౌఢ్యం కన్నా గతిలేమి పాలే ఎక్కువ.

అయితే రెండు పక్షాలవారూ పోట్లాడుకున్నది ఒకే ప్రశ్న మీద – మందు పనిచేస్తుందా, చెయ్యదా అని. దాని వెంటనే రావలసిన ప్రశ్న మరొకటుంది. పనిచేస్తుందనే అనుకుందాం, ఎన్నాళ్లు పనిచేస్తుంది? ఇవాళ నూరిన మందు పది రోజులు పొట్లంలో ఉన్న తరవాత కూడా అదే మందేనా?

ప్రభుత్వం పంపిణీని ఆపించి, పరిశీలన జరిపించి, మే 31న నోటితో పుచ్చుకునే మందులకు అనుమతి ఇచ్చింది. కంట్లో వేసే చుక్కలకు మాత్రం నివేదికలు ఇంకా రావలసి ఉన్నాయని ఇవ్వలేదు. ఈ తేడాలో శాస్త్రరీత్యా అర్థముంది. కడుపులోకి పోయేదానికి జఠరరసం కొంత కాపలా కాస్తుంది. కంటికి అటువంటి కాపలా లేదు. చిక్కటి తేనెలో సూక్ష్మజీవులు పెరగలేవు. అదే తేనెను తడిగుజ్జుతో పలచన చేస్తే పులుస్తుంది. ఫ్యాక్టరీలో క్రిములు లేకుండా చేసి, నిలవ ఉంచే ద్రవ్యం కలిపి, మూత బిగించిన కంటిచుక్కలను సైతం సీసా విప్పిన నెల రోజులకు పారవెయ్యమనడం సాధారణ నియమం. ఇక గిన్నెలో కలిపి, చేతుల మీదుగా పంచే చుక్కల సంగతి వేరే చెప్పాలా?

మందుకు గడువు అనే భావన పడమటి దేశాల నుంచి దిగుమతి అయిందని కొందరు వైద్యులు అంటారు. ఇది నిజం కాదు. 13–14 శతాబ్దాల నాటి శార్ఙ్గధర సంహిత మొదటి ఖండంలోనే ఆ లెక్క ఉంది. ఎండబెట్టిన మూలిక ఏడాది దాటితే గుణం కోల్పోతుందట. చూర్ణానికి రెండు నెలలు. గుళికకు, లేహ్యానికి ఏడాది. ఘృత తైలాల గడువు గురించి వ్యాఖ్యాతలు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. ఆసవాలూ భస్మాలూ మాత్రం పాతబడేకొద్దీ బలపడతాయన్నాడు. గమనించి చెప్పిన మాటలివి. పొడి చేసినకొద్దీ గాలి తగిలే వైశాల్యం పెరుగుతుంది కాబట్టే చూర్ణం త్వరగా చెడుతుంది. ఆసవంలో పులిసి పుట్టిన మద్యమే దానికి రక్ష. కొలిచే సాధనం లేని కాలంలో కళ్లూ ముక్కూ నాలుకా చేసిన పని ఇది. 2016లో సవరించిన నిబంధనల ప్రకారం చూర్ణానికి రెండేళ్ల గడువు. రెండు నెలలు రెండేళ్లయినందుకు గాలి చొరని డబ్బా కొంత కారణం. తక్కిన కారణం అంగడిలో ఉందని నా అనుమానం.

పరదేశపు మందు ఓడ దిగి మన రేవుల్లోకి వచ్చిన కాలంలో దాన్ని పరీక్షించే చట్టమే లేదు. క్వినైన్ పేరిట నాసిరకం సరుకు అమ్ముడయ్యేది. గొడవ ముదిరాక 1930లో ఆర్. ఎన్. చోప్రా అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. 1931లో నివేదిక వచ్చింది. చట్టం మాత్రం 1940లో గాని రాలేదు, నిబంధనలు 1945లో గాని రాలేదు. మందుల జీవితకాలాన్ని నిర్దేశించే ‘షెడ్యూల్ పి’ ఆ నిబంధనల్లోదే.

మందు చెడడమంటే ఏమిటో ఆస్పిరిన్ బిళ్ల చూపిస్తుంది. తడిగాలి తగిలిన పాత సీసా మూత తీస్తే వెనిగర్ వాసన కొడుతుంది. నీటి అణువు ఆస్పిరిన్‌ను విడగొట్టి సాలిసిలిక్ ఆమ్లంగా, ఎసిటిక్ ఆమ్లంగా మార్చేసిందన్నమాట. వేడి ఈ పనిని తొందరపెడుతుంది. ఎంతగా తొందరపెడుతుందో లెక్కకట్టే సూత్రాన్ని 1889లో అరీనియస్ ఇచ్చాడు. మోటుగా చెప్పాలంటే పది డిగ్రీలు పెరిగితే వేగం రెండింతలో అంతకు మించో అవుతుంది. నేటి పరీక్షకు పునాది ఇదే. మందును 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఆరు నెలలుంచి, మధ్య మధ్య తీసి ఎంత మిగిలిందో, ఏ కొత్త పదార్థం పుట్టిందో కొలుస్తారు. మరికొంత సరుకును మామూలు వాతావరణంలో గడువు పొడుగునా ఉంచి చూస్తారు.

ఆ ‘మామూలు వాతావరణం’ ఎవరిది? 1972లో షూమాకర్, ఆ తరవాత గ్రిమ్, లోకాన్ని నాలుగు శీతోష్ణ మండలాలుగా విభజించారు. వేడీ తేమా ఉన్న మనం నాలుగో మండలం. దీనికి 30 డిగ్రీలు, 65 శాతం తేమ చాలన్నారు. ఆగ్నేయాసియా దేశాలు ఒప్పుకోలేదు. తమ గాలిలో తేమ అంతకన్నా ఎక్కువన్నాయి. 2005లో ఆ మండలాన్ని రెండుగా చీల్చి, రెండోదానికి 75 శాతం పెట్టారు. అదే ఏడాది మన ‘షెడ్యూల్ వై’ కొత్త మందులకు కోరిన దీర్ఘకాల పరీక్ష మాత్రం 65 శాతం వద్దనే. ఇసకపల్లి ఉప్పుమళ్ల వైపు నవంబరులో ఒక్కసారి పోయి చూస్తే ఈ అంకె విలువ తెలుస్తుంది. ఈశాన్య ఋతుపవనం పట్టుకున్నాక జాడీలో ఉప్పు నీరు కారుతుంది. మే నెలలో అదే ఇంట్లో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. ప్రయోగశాలలో ఆరు నెలలు పెట్టే పరీక్షను పల్లెకారుల గుడిసె ఏటేటా పెడుతూనే ఉంది.

గడువు దాటితే మందు బలం తగ్గుతుందే గాని కీడు చెయ్యదని చాలామంది ధీమా. చాలా మందుల విషయంలో అది నిజమే. టెట్రాసైక్లిన్ కథ వేరు. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనాధ్యక్షుడుగా ఉన్న లెడర్లే సంస్థలో తయారై 1948లో వెలుగు చూసింది. ఆ ఏడాదే ఆయన కన్నుమూశాడు. 1963లో అమెరికాలో, పాతబడిన టెట్రాసైక్లిన్ మింగిన రోగులకు మూత్రపిండాలు దెబ్బతిని, చక్కెర మూత్రంలో పోసాగింది. వేడికీ తేమకూ మందు మరొక విషపదార్థంగా మారింది. గొట్టంలో కలిపిన సిట్రిక్ ఆమ్లం ఆ మార్పుకు తోడ్పడింది. ఆ ఆమ్లాన్ని తీసివేశాక అటువంటి కేసులు దాదాపు కనిపించలేదు. రోగం పుట్టింది మందులోంచి కాదు, మందు పక్కన కూర్చున్న పూరకద్రవ్యం లోంచి!

ఇంత శ్రమపడి తేల్చిన తేదీ రోగి దాకా వస్తోందా అన్నది వేరే సంగతి. అట్ట మీద ఆ తేదీ ఒక అంచునే అచ్చవుతుంది. పల్లె అంగడిలో పది బిళ్లల అట్ట ఎవరూ కొనరు. కొనే శక్తి ఉండదు. కత్తెరతో రెండు బిళ్లలు కత్తిరించి ఇస్తారు. తేదీ ఉన్న ముక్క అంగట్లోనే ఉండిపోతుంది. మిగిలిన బిళ్ల రేకుల కప్పు కింద, వాసానికి వేలాడే సంచిలో, మళ్లీ జ్వరం వచ్చేదాకా ఉంటుంది.