నీటిబొట్టు కారు తోక ఎవరు కోశారు?

ఇవాళ కథ 1921లో బెర్లిన్ మోటార్ షోలో మొదలవుతుంది. హాల్లో ఉన్న కార్లన్నీ గుర్రబ్బండికి ఇంజన్ తగిలించినట్టు, నిటారుగా పెట్టెల్లా ఉన్నాయి. ఒక్క కారు మాత్రం వేరు. పైనుంచి చూస్తే ముందు గుండ్రంగా, వెనక్కి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. పేరు ట్రోప్ఫెన్‌వాగన్, అంటే జర్మన్‌లో ‘బొట్టు కారు’. (నిజానికి పడే వాన చినుకు ఆ ఆకారంలో ఉండదు, గాలి దాన్ని కింద నుంచి నొక్కేస్తే బన్నులా చదునవుతుంది. మన పోలికలో అయితే చేప అనాలి. తల లావు, తోక సన్నం.)

తయారుచేసింది ఎడ్మండ్ రంప్లర్. ఈయన అసలు విమానాల మనిషి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయాక, వెర్సాయ్ సంధితో అక్కడ విమానాల తయారీకి అడ్డుకట్ట పడింది. దాంతో గాలి గురించి తనకు తెలిసిందంతా కారు మీద పెట్టాడు. 36 హార్స్‌పవర్ ఇంజన్, బండి బరువు దాదాపు 1,400 కిలోలు, అయినా టాప్ స్పీడ్ 110. ఇప్పటి చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో కూడా ఇంతకంటే ఎక్కువ పవర్ ఉంటుంది.

1979లో ఫోక్స్‌వాగన్ వాళ్లు మ్యూజియంలో ఉన్న ఒక ట్రోప్ఫెన్‌వాగన్‌ని తెచ్చి విండ్ టన్నెల్‌లో పెట్టారు. సీడీ 0.28 వచ్చింది. సీడీ అంటే పాటల సీడీ కాదు, డ్రాగ్ కోఎఫిషియంట్. ఒక ఆకారం గాలికి ఎంత అడ్డం పడుతుందో చెప్పే నంబర్ అది, తక్కువ ఉంటే మంచిది. 1970ల్లో మామూలు కార్లు 0.4 పైనే ఉండేవి. ఫోక్స్‌వాగన్ సొంత పసాట్ 0.29కి చేరింది 1988లో!

మరి ఇంత గొప్ప కారు ఎందుకు ఆడలేదు? అమ్ముడైనవి సుమారు వందే. ఇంజన్ సతాయించేది, వేడెక్కేది, స్టీరింగ్ తోనూ సమస్యలే. అవి కాలక్రమంలో సర్దుకునేవే అనుకుందాం. అసలు చిక్కు ఆకారంలోనే ఉంది. ఇంజన్ వెనక, తోకేమో సన్నం, ఇక సూట్‌కేస్ పెట్టడానికి చోటేది? ముందు సీట్లో డ్రైవర్ ఒక్కడే, మధ్యలో. కుటుంబంతో ఊరెళ్లాలంటే సామాను ఒళ్లో పెట్టుకోవాలి. తమాషా ఏంటంటే, రూఫ్ ఎత్తుగా ఉండి ఎక్కడం దిగడం సులువు కాబట్టి టాక్సీగా మాత్రం బాగానే తిరిగింది. మిగిలినవాటిలో కొన్నిటిని ‘మెట్రోపొలిస్’ సినిమా కోసం తగలబెట్టేశారు. ఇప్పుడు జర్మనీ మ్యూజియాల్లో రెండు ఉన్నాయి. రంప్లర్ యూదుడు. 1933లో నాజీలు వచ్చాక జైల్లో పెట్టారు. బయటికి వచ్చాడు గానీ కెరీర్ అక్కడితో అయిపోయింది. 1940లో చనిపోయాడు.

ఇప్పుడు తోక సంగతి. కారు గాలిని ముందు చీల్చుకుంటూ పోతుందని, కష్టమంతా ముందే ఉంటుందని చాలామంది అనుకుంటారు. పెద్ద నష్టం వెనకే. గాలి రూఫ్‌ని అంటుకుని నెమ్మదిగా కిందికి దిగాలి. వాలు ఎక్కువైతే పట్టు వదిలేసి సుడులు తిరుగుతుంది. అక్కడ ప్రెషర్ తగ్గి, కారుని ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఉంటుంది. స్పీడ్ రెట్టింపు చేస్తే ఈ అడ్డు 4 రెట్లు, దాన్ని తోయడానికి కావలసిన పవర్ 8 రెట్లు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో దీన్ని పట్టించుకోనక్కర్లేదు, అదే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే పెట్రోల్ బిల్లులోనే కనిపిస్తుంది.

సరే, వాలు 12 డిగ్రీలు అనుకుని లెక్కేద్దాం. బాడీ ఎత్తు 1.2 మీటర్లు. దాన్ని సున్నాకి దించాలంటే రూఫ్ ఎత్తైన చోటు నుంచి 5.6 మీటర్ల తోక కావాలి. స్విఫ్ట్ మొత్తం పొడవే 4 మీటర్ల లోపు! ఆ తోకని ఏ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పెడతారు?

1930ల్లో స్టుట్‌గార్ట్ ప్రొఫెసర్ వూనిబాల్డ్ కామ్ దీనికి దారి చూపించాడు. అదే ఆలోచన మీద కోనిగ్ ఫాక్సెన్‌ఫెల్డ్ అనే ఇంకో ఇంజనీర్ కూడా పనిచేశాడు. కారుని వెనక్కి మెల్లగా సన్నం చెయ్యండి, అడ్డకోత సుమారు సగానికి తగ్గాక కత్తి పెట్టి కోసేసినట్టు నిటారుగా ఆపేయండి. మిగిలిన పొడవాటి తోక వల్ల వచ్చే లాభం కొంచెమే. కోసిన చోట డిక్కీ డోర్ వస్తుంది, లోపల సామానుకి చోటు వస్తుంది. నా దృష్టిలో ఈ కథలో హీరో రంప్లర్ కాదు, ఈ కోత.

అయినా యుద్ధం తర్వాత పెట్రోల్ చౌక, ఎవరికీ తొందర లేదు. 1973 ఆయిల్ సంక్షోభం వచ్చాకే కంపెనీలు మళ్లీ విండ్ టన్నెల్ వైపు పరిగెత్తాయి. 1982లో ఆడి 100 వచ్చింది, సీడీ 0.30. ఐదుగురు కూర్చునే మామూలు ఫ్యామిలీ సెడాన్, పెద్ద డిక్కీ. కిటికీ అద్దాలు బాడీతో సమానంగా ఉండేలా చేశారు. దానికీ ఒక ధర ఉంది. ఏటవాలు పెద్ద అద్దాల్లోంచి ఎండ నేరుగా లోపలికి పడి, వేసవిలో క్యాబిన్ కాలిపోయేది.

ఇక నాకు బాగా ఇష్టమైన జత. 1999లో హోండా ఇన్‌సైట్, సీడీ 0.25. వెనక చక్రాలకి మూతలు. వెనక చక్రాల మధ్య దూరం ముందువాటికంటే 11 సెంటీమీటర్లు తక్కువ, అంటే పైనుంచి చూస్తే మళ్లీ మన బొట్టు. సీట్లు మాత్రం రెండే. 2006 దాకా ప్రపంచం మొత్తంలో అమ్ముడైనవి 17 వేలు. 2003లో వచ్చిన రెండో తరం టయోటా ప్రియస్ సీడీ 0.26. పోయింది 0.01! బదులుగా ఐదు సీట్లు, నాలుగు డోర్లు, వెనక హ్యాచ్. అవి 10 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

ప్రియస్ వెనక భాగాన్ని ఒకసారి గమనించండి. రూఫ్ చాలా మెల్లగా దిగి, ఒక్కసారిగా కోసినట్టు ఆగిపోతుంది. అది కామ్ కోతే. కోసిన అంచు దగ్గర ఒక అడ్డ పట్టీ, దాని కింద ఇంకో చిన్న నిలువు అద్దం. లోపలి మిర్రర్‌లో చూస్తే ఆ పట్టీ వెనక దృశ్యాన్ని రెండు ముక్కలు చేస్తుంది. రాత్రిపూట వెనకొచ్చే బండి హెడ్‌లైట్లు ఒక్కోసారి దాని చాటున దాక్కుంటాయి.