‘పాషండుడు’ ఎప్పుడు పరాయివాడయ్యాడు?

తెలుగులో పాషండుడంటే వేదమార్గం తప్పినవాడు, దుర్మతస్థుడు. ఈ అర్థాన్నే మనసులో పెట్టుకుని కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడు చెక్కించిన పన్నెండో శిలాశాసనం చదివితే తికమక తప్పదు. అన్ని పాషండాలనూ, వాటిలోని సన్యాసులనూ గృహస్థులనూ దానాలతో, సత్కారాలతో గౌరవిస్తున్నానని రాజు అందులో చెప్పుకున్నాడు. తిట్టుగా వాడే మాటతో ఎవరూ ఇలా చెప్పుకోరు. మరి క్రీ.పూ. 3వ శతాబ్దిలో ఆ మాటకు అర్థమేమిటి? అది వెలివేతకు గుర్తుగా ఎలా మారింది?

శాసనాల సాక్ష్యం

పన్నెండో శాసనంలో అసలు కీలకం రెండు సమాసాలు: ఆత్మపాషండం, పరపాషండం. సందర్భం లేకుండా తన పాషండాన్ని పొగుడుకోవద్దని, ఎదుటివారి పాషండాన్ని చులకన చేయవద్దని, అలా చేసేవాడు తన పాషండానికే ఎక్కువ చెరుపు చేస్తాడని అశోకుడు హెచ్చరించాడు. అంటే ప్రతివాడికీ తనదంటూ ఒక పాషండం ఉంటుంది. ఏడో స్తంభశాసనం బౌద్ధ సంఘాన్ని, బ్రాహ్మణులను, ఆజీవికులను, నిర్గ్రంథులను (జైనులను) పేర్లతో చెప్పి, వీరితోపాటు రకరకాల పాషండాల బాగోగులు చూడటానికి ధర్మమహామాత్రులను నియమించినట్టు తెలుపుతుంది.

దేశం బయటి సాక్ష్యం కూడా పాషండమంటే ఒక మతసంప్రదాయమనే అర్థం వైపే మొగ్గుతుంది. ఆఫ్ఘనిస్తాన్‌లోని కాందహార్‌లో 1963లో దొరికిన అశోకుడి గ్రీకు శాసనంలో ఈ మాటకు బదులు ‘దియాత్రిబె’ అని ఉంది. గ్రీకులు తత్త్వవేత్తల సంప్రదాయాలను, బోధనా కూటములను ఆ పేరుతో పిలిచేవారు. అందులో నింద లేదు. ఇక భువనేశ్వర్ దగ్గర హాథీగుంఫా శాసనంలో కళింగ రాజు ఖారవేలుడు, సర్వ పాషండాలనూ పూజించేవాడినన్నది తన బిరుదుల్లో ఒకటిగా చేర్చుకున్నాడు. జైనాభిమాని అయిన రాజు ఘనతగా చాటుకున్నాడంటే, అప్పటికి కనీసం రాజాస్థానాల్లో ఆ మాటకు గౌరవం ఉన్నట్టే.

గ్రంథాల సాక్ష్యం

గ్రంథాల్లోకి వస్తే గాలి మారుతుంది. అర్థశాస్త్రం పాషండులకు శ్మశానం అంచున నివాసం నిర్దేశించింది. ధర్మసత్రాల నిర్వాహకులు వారికి బస ఇచ్చేముందు అధికారులకు తెలపాలంది. మనుస్మృతి మరో అడుగు ముందుకు వేసి, వారిని మాటతో కూడా మన్నించవద్దని, పట్టణం నుంచి వెళ్లగొట్టాలని చెప్పింది. విష్ణుపురాణంలోని శతధను రాజు కథ దీన్ని కళ్లకు కడుతుంది. ఉపవాసవ్రతంలో ఉన్న రాజు గంగాస్నానం చేసి వస్తూ, తన విలువిద్యా గురువుకు స్నేహితుడైన ఒక పాషండుడితో మర్యాద కోసం మాట్లాడాడు. పక్కనే ఉన్న రాణి శైబ్య మాట్లాడకుండా సూర్యుడి వైపు చూసింది. ఆ ఒక్క సంభాషణకే రాజు కుక్కగా, నక్కగా, తోడేలుగా, గద్దగా, కాకిగా, నెమలిగా పుట్టవలసి వచ్చింది.

ఈ వైఖరి వైదికులకే పరిమితం కాదు. పాలీలోని థేరీగాథలో బౌద్ధ భిక్షుణి నోట ఈ మాట బుద్ధుని ధర్మానికి వెలుపల ఉండి దృష్టులను, అంటే మతాభిప్రాయాలను, పట్టుకు వేలాడేవారికి వర్తించింది. ఎవరికి వారు గీత గీసుకుని, అవతల నిలబడ్డవారిని పాషండులన్నారు.

కట్టుడు వ్యుత్పత్తులు

మాట పుట్టుక గురించిన వివరణల్లోనూ ఇదే తగాదా కనిపిస్తుంది. ‘పా’ అంటే రక్షించే వేదధర్మమని, దాన్ని ఖండించేవారు పాఖండులని (పాషండులకే మరో రూపం) ఒక ప్రసిద్ధ సంస్కృత వివరణ. పాశం, అంటే ఉచ్చు, పన్నేవారు కాబట్టి పాషండులని పాలీ వ్యాఖ్యాతలు. రెండూ తిట్టు స్థిరపడ్డాక అల్లినవే, భాషాచరిత్రకు పనికిరావు. షాబాజ్‌గఢీ అశోక శాసనంలోని ‘ప్రషండ’ రూపంలో రేఫ ఉంది. సభ, సమూహం అనే అర్థమున్న పరిషత్, పర్షత్ పదాలతో సంబంధం కలిపే ఊహకు ఇది కొంత ఊతమిస్తుంది. అయినా ఊహ రుజువు కాదు.

ఏ మేరకు తేల్చగలం?

మొదట మంచి అర్థం, తర్వాత చెడు అర్థం అని కాలక్రమంలో గీత గీయడం సులువే గాని, ఆధారాలు అంత దూరం రావు. అర్థశాస్త్రం కాలం వివాదగ్రస్తం. దానిలో మౌర్యుల నాటి పొరలు ఉన్నాయనుకుంటే రెండు వాడుకలూ పక్కపక్కనే నడిచాయనాలి. అమరకోశం కూడా ఈ మాటను అన్ని రకాల మతచిహ్నాలు ధరించేవారికి చెప్పింది. అందులో దూషణ బాహాటంగా లేదు.

కాలం కన్నా నమ్మదగిన గీటురాయి మరొకటుంది: మాట్లాడేవాడు ఆ మాటను తనకు కూడా వర్తింపజేసుకోగలడా? అశోకుడి శాసనంలో ఆత్మపాషండం ఉంది. మనువు దృష్టిలో పాషండుడు ఎప్పుడూ అవతలివాడే. 11వ శతాబ్దిలో కృష్ణమిశ్రుడు రాసి, 15వ శతాబ్దిలో నంది మల్లయ, ఘంట సింగయ తెలుగు చేసిన ప్రబోధచంద్రోదయంలో జైన, బౌద్ధ, కాపాలికులు పాషండులుగా నవ్వులపాలయ్యారు. తెలుగుకు అందింది ఈ రెండో సంప్రదాయమే. అందుకే అశోకుని శాసనాలను తెలుగు చేసేటప్పుడు పాషండులు అని అలాగే ఉంచితే ఆయన మాట తలకిందులవుతుంది. మతసంప్రదాయాలు అంటే సరిపోతుంది.